తినే బంతికి మందు కొట్టొద్దు
దసరా ముందు మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే బంతిపూలు గుమ్మానికీ, బతుకమ్మకూ సరే. కంచంలోకి మాత్రం వద్దు. వాటి మీద ఏ మందు ఎన్నిసార్లు పడిందో కొనేవారికి తెలియదు. తినాలనుకుంటే కుండీలో పెంచుకోవాల్సిందే.

మెక్సికో నుంచి వచ్చి మన పండుగల్లో కలిసిపోయిన బంతి, ఒక్క సీజన్‌లో పూసి ఎండిపోయే మొక్క. రోజుకు ఆరు గంటల ఎండ, నీరు నిలవని మట్టి ఉంటే చాలు. జూలైలో విత్తితే దసరాకు పూస్తుంది. ముద్దబంతి కన్నా ఒంటిరేకు రకాలు మేలు. వాటిలో తేనె సీతాకోకచిలుకకు సులువుగా అందుతుంది. మనం తినేది రేకులే. అడుగున చేదుగా ఉండే తెల్లటి భాగం తుంచేసి అన్నం మీదో, సలాడ్‌లోనో చల్లుకోవచ్చు. గుడ్డు సొనకు రంగు రావాలని కోళ్ల దాణాలో కలిపే ల్యూటిన్‌ను తీసేది కూడా బంతి రేకుల నుంచే.

అయితే బంతి మీద తేనె తాగే సీతాకోకచిలుకల్లో కొన్ని పక్కనున్న కరివేపాకు, నిమ్మ మొక్కల మీద గుడ్లు పెడతాయి. అక్కడ గొంగళిపురుగును మందు కొట్టి చంపి, ఇక్కడ పూల దగ్గర సీతాకోకచిలుక కోసం ఎదురుచూస్తే ఎలా వస్తుంది? నాలుగాకులు పోతే పోనివ్వండి.