పైసలు పోవుట ఎందువలన?

హైదరాబాదు నాచారము పారిశ్రామికవాడలో సాయంకాలము షిఫ్టు విడిచినవేళ గేటు వెలుపల భోజపురియు ఒడియాయు తెలుగుకన్న మిక్కుటముగా చెవిని బడుట విని, మా వీధి పెద్దమనిషి యొకాయన, "బీహారోళ్లొచ్చి మన పైసలన్నీ ఊరికి పంపుతున్నరు" అని నాతో వాపోయెను. ఆయనకు అచ్చటనే నాలుగు గదుల యిల్లు కలదు. గదికి అయిదారుగురు కుర్రవాండ్రు తలా యింత వేసికొని అద్దె చెల్లింతురు. 2017లో ఉప్పలునకు మెట్రో రాగానే ఆ అద్దెయు పెరిగినది. పోవు పైసలు కనబడిన ఆయనకు తన జేబున బడు పైసలు కనబడలేదు.

అయినను ఆ ఫిర్యాదు వట్టిది కాదు. సొమ్ము పోవుచున్నమాట నిజమే. భార్య స్వగ్రామమున, బిడ్డల బడి యచ్చట, ముసలితల్లి మందు లచ్చట నుండగా, ఇచ్చట లేతు మిషను నడుపువాడు తిండికిని సెల్లు రీచార్జికిని పోగా మిగిలినది పంపక యేమి చేయును?

ఈ నింద మనమును పడినదే. కోరంగి రేవున ఓడలెక్కి రంగూను చేరిన తెలుగు కూలీలకు అచ్చట 'కోరంగీ'లనియే పేరు. 1930 మే నెలలో వారు సమ్మె కట్టగా, యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొని, సమ్మె తీరగానే ఆ బర్మీయులను వెడలగొట్టుటచే రేగిన అల్లరులలో మనవా రెందఱో హతులైరి. బేరమాడిన కంపెనీలకు మాత్రము గాయమైనను తగులలేదు. షోలాపురమునకు తరలిన తెలంగాణ పద్మశాలీలన్ననో, ఆలుబిడ్డలతో కాపురములు పెట్టి, మిల్లు కూలినుండి సొంత మరమగ్గముల వఱకు ఎదిగి, షోలాపురపు దుప్పటికి దేశమంతట పేరు తెచ్చినవారిలో ముఖ్యులైరి. వారి సంపాదన చాలవఱకు ఆ యూరి బజారులోనే తిరిగినది.

ఇక మన యింటి లెక్క చూతము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీకి సగటు సంతానము తెలంగాణమున 1.8, ఆంధ్రమున 1.7, బీహారున 3.0. సంతానము తగ్గుచున్నదన్న చింతతోనే, ఇద్దరికన్న నెక్కువ బిడ్డలున్నవారు స్థానిక ఎన్నికలలో నిలువరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశము 2024లో ఎత్తివేసినది. కాని నేడు ఉయ్యాలలోనున్న శిశువు రేపు వెల్డింగు చేయజాలడు గదా. కరోనా లాక్‌డౌనులో చిక్కిన వలసకూలీలను ఇండ్లకు చేర్చుటకు 2020 మే 1న దేశమున తొలి శ్రామిక రైలు హైదరాబాదు లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు కదలినది; వారము తిరుగగనే బీహారు ఖగడియానుండి బియ్యపుమిల్లుల హమాలీలను తెచ్చిన రైలు అదే స్టేషనున ఆగగా, మంత్రిగారు గులాబీలతో ఎదురేగిరి. మన అవసరమెంతటిదో ఆ పూలే చెప్పినవి.

నాచారము, ఉప్పలు మొదలగు పాత పారిశ్రామిక భూములను గృహ, వాణిజ్య నిర్మాణములకు మార్చుకొననిచ్చు విధానమును ప్రభుత్వము 2025లో ప్రకటించినది. అట్లు మారు ప్రతి స్థలమునను కొంత భాగము కార్మిక కుటుంబములకు తగిన చిన్న అద్దె యిండ్లకు విడువవలెనని నిబంధన పెట్టుట న్యాయమని నా తలంపు. ఆలుబిడ్డలు వచ్చినచో బియ్యము, బట్ట, బడి, వైద్యము అన్నియు ఇచ్చటనే కొనబడును. ఈ మాట మా పెద్దమనిషితో చెప్పి, ముందుగా ఆయన గదులలో ఒకటి కుటుంబమునకీయరాదా యని యడిగితిని. ఆయన వ్రేళ్లమీద లెక్కవేసికొని, "ఫ్యామిలీకిస్తే ఒక్క కిరాయే వస్తది సార్, వీళ్లైతే తలకింత" అనెను.