కొనేవాడికి కమోడ్, అమ్మకు "చూద్దాంలే"

విదేశాల్లో ఉన్న పిల్లలు ఊళ్ళో ఇల్లు అమ్ముకోవడం తప్పని నేను అనను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే సగం చదవకుండానే "ఈవిడ సెంటిమెంటు మనిషి" అని పక్కన పెట్టేస్తారు. నా గొడవ అమ్మకం గురించి కాదు, అమ్మే ముందు చేయించే రిపేర్ల గురించి. అవి ఎవరి కోసం చేయిస్తున్నారు? ఎవరిని అడిగి చేయిస్తున్నారు? ఇన్నాళ్ళూ ఎందుకు చేయించలేదు?

మా కృష్ణపట్నం చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా ఇప్పుడు ఒకటో రెండో పాత మిద్దెలకు కొత్త రంగులు కనిపిస్తాయి. 2008లో పోర్టు మొదలైంది. తర్వాత నేలటూరులో థర్మల్ స్టేషన్ వచ్చింది, నూనె ఫ్యాక్టరీలు వచ్చాయి. 2025 జనవరిలో క్రిస్ సిటీకి ప్రధాని శంకుస్థాపన చేశారు. అది కోట, చిల్లకూరు వైపు. అయినా వార్త వచ్చిన ప్రతిసారీ మా వైపు కూడా బ్రోకర్లు ఒక విడత తిరిగిపోతారు. ఆ సాయంత్రమే అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న అబ్బాయికి ఫోన్ వెళుతుంది. "అన్నా, రేటు బాగుంది. ఇంటికి కాస్త లుక్కు తెప్పించు, నాలుగు లక్షలు పెడితే పది లక్షలు పెరుగుతుంది."

అంతే, పదేళ్ళు కదలని ఇల్లు పది రోజుల్లో కదులుతుంది. మేస్త్రీ వస్తాడు, పుట్టీ డబ్బాలు దిగుతాయి, కడప బండలు లేచిపోయి అద్దంలా మెరిసే టైల్స్ పడతాయి. ఇంతకాలం డబ్బు లేక ఆగిందా అంటే కాదు. అడిగింది అమ్మ కాబట్టి ఆగింది. ఇప్పుడు అడుగుతున్నది కొనేవాడు కాబట్టి కదిలింది.

మా ఇంటి సంగతే చెబుతాను. మా మామగారు 1984లో కట్టించిన మిద్దె ఉంది. ఆయన 2012లో పోయారు. అప్పటినుంచి అత్తమ్మ ఒక్కతే ఆ ఇంట్లో. మేము రెండు వీధుల అవతల ఉంటాం. మా బావగారు టెక్సాస్‌లో, ఆడపడుచు గూడూరులో. ఇంటికి బాత్రూం దొడ్డి చివర ఉంది, కింద కూర్చునేది. అత్తమ్మకు ఇప్పుడు 76 ఏళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయి. కార్తీకంలో మా వైపు వానలు ఎలా పడతాయో మీకు తెలుసు. అర్ధరాత్రి ఒక చేత్తో టార్చిలైటు, ఒక చేత్తో గోడ పట్టుకుని ఆ దొడ్లోకి వెళ్ళేది.

"నా మోకాళ్ళు వంగడంలే అబ్బయ్యా, లోపల ఒక కుర్చీ బాత్రూం కట్టించు" అని ఆమె బావగారిని అడగడం ఆరేళ్ళు విన్నాను. "ఈసారి వచ్చినప్పుడు చూద్దాంలే అమ్మా" అనే జవాబూ ఆరేళ్ళు విన్నాను. మేము కట్టిద్దామంటే "తొందరేముంది, ప్లాన్ వేసి అంతా ఒకేసారి చేద్దాం" అనేవారు.

పోయిన ఏడాది బ్రోకర్ వచ్చి చూసి, లోపల బాత్రూం లేకపోతే పార్టీలు రావు అన్నాడు. మూడు వారాల్లో బాత్రూం లేచింది. వెస్ట్రన్ కమోడ్, గీజరు, గోడకు పూలపూల టైల్స్. మూడు వారాలు! ఆరేళ్ళ ఎదురుచూపు అసలు ధర అది.

ఇంతటితో అయిపోతే నేను ఇది రాసేదాన్ని కాదు, ఆలస్యమైనా మంచే జరిగిందని ఊరుకునేదాన్ని. కానీ పని పూర్తయిన రోజు వీడియో కాల్‌లో ఒక మాట వచ్చింది. "అమ్మా, కొన్నాళ్ళు అది వాడొద్దు. ఫోటోలు తీయాలి, పార్టీలు వచ్చి చూస్తారు. కొత్తగా ఉంటేనే బాగుంటుంది." అత్తమ్మ సరే అని తలూపింది. మళ్ళీ టార్చిలైటు పట్టుకుని దొడ్లోకి.

మా బావగారు దుర్మార్గుడు కాదు. తల్లికి నెలనెలా మందుల డబ్బు పంపుతారు, పండక్కి చీర పంపుతారు. అందుకే ఇది రాస్తున్నాను. చెడ్డవాళ్ళు చేసే పని అయితే మనం గుర్తుపట్టేస్తాం. మంచివాళ్ళు, చదువుకున్నవాళ్ళు, తల్లి అంటే ప్రాణం అని స్టేటస్ పెట్టేవాళ్ళు కూడా ఇల్లు అనగానే కొనేవాడి కళ్ళతో చూస్తున్నారు, లోపల ఉన్న మనిషి కళ్ళతో చూడటం లేదు.

ఆ టైల్స్ సంగతే చూడండి. పాత కడప బండల మీద అత్తమ్మ ఏనాడూ జారలేదు. కొత్తవి ఫోటోలో బ్రహ్మాండంగా ఉన్నాయి, నీళ్ళ చుక్క పడితే మాత్రం నాకే కాలు నిలవడం లేదు. ఇక పైకప్పు. సముద్రపు గాలికి ఉప్పు పట్టి మా ఊళ్ళల్లో స్లాబులో చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, కింద పెచ్చులు ఊడిపడతాయి. దానికి మందు ఏమిటో మేస్త్రీకి తెలుసు. వదులైన సిమెంటంతా రాల్చాలి, చువ్వ తుప్పు గీకాలి, మళ్ళీ గట్టిగా కప్పాలి. ఖర్చుతో కూడిన పని, చేశాక ఫోటోలో కనపడని పని. అందుకని అత్తమ్మ మంచం మీద సరిగ్గా ఊడిన చోట పుట్టీ రాసి రంగు వేశారు. కొనేవాడు పైకి చూస్తే తెల్లగా కనపడాలి కదా! ఇది లోపలున్న మనిషికీ మోసమే, రేపు కొనుక్కుని వచ్చేవాడికీ మోసమే.

మరి ఈ పనంతా దగ్గరుండి చేయించింది ఎవరు? మీరు ఊహించగలరు. పొద్దున్నే మేస్త్రీకి ఫోన్, పదిన్నరకు కూలీలకు టీ, మధ్యాహ్నం ఇసుక ట్రాక్టరు, రాత్రికి టెక్సాస్‌కు వాట్సాప్‌లో ఫోటోలు. "ఆ మూల ఇంకోసారి జూమ్ చేసి పంపమ్మా." నలభై అయిదు రోజులు! పట్నంలో ఇదే పని చేసేవాణ్ణి సైటు సూపర్‌వైజర్ అంటారు, జీతం ఇస్తారు. ఊళ్ళో ఇదే పని చేసేదాన్ని చిన్నకోడలు అంటారు, చాక్లెట్ల ప్యాకెట్టు ఇస్తారు. నాకు జీతం అక్కర్లేదు. కానీ ఏ గదికి ఏ రంగు అని యాభైసార్లు ఫోన్ చేసిన ఇంట్లో, అసలు అమ్ముదామా అని ఒక్కసారి కూడా ఏ ఆడమనిషినీ అడగలేదు. అది నాకు అక్కర.

చట్టం మాత్రం అడగమంటుంది. మామగారు వీలునామా రాయలేదు. ఆయన స్వార్జితం అయిన ఇల్లు హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ, కొడుకులకూ, కూతురికీ సమానం. అంటే మా ఇంట్లో నాలుగు వాటాలు. ఇంటి పన్ను రసీదు పెద్దకొడుకు పేరు మీదకు మారినంత మాత్రాన ఇల్లు ఆయనది అయిపోదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ చట్టంలో ఒకప్పుడు 23వ సెక్షన్ అని ఉండేది. కుటుంబం కాపురముంటున్న ఇంటిని పంచమని ఆడవాళ్ళు అడగకూడదు, మగవాళ్ళు పంచుకుందాం అనుకున్నప్పుడే అడగాలి అని దాని సారాంశం. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1985లో మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు జన్మహక్కు ఇచ్చినా ఈ సెక్షన్ అలాగే ఉండిపోయింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన సవరణతో అది పోయింది. పుస్తకంలోంచి పోయింది. మన ఇళ్ళల్లోంచి పోయిందా? మా ఆడపడుచుకు ఇంకా "పసుపు కుంకుమల కింద ఏదో ఇద్దాం, వచ్చి రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టి వెళ్ళమను" అనే కబురే వచ్చింది. అమ్ముతున్నామన్న సంగతి కూడా ఆ కబురుతోనే తెలిసింది.

సంతకం వేరు, సమ్మతి వేరు. రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసిన తల్లులందరూ ఒప్పుకునే వేశారని మీరు నమ్ముతున్నారా?

డబ్బు లెక్కలు మగవాళ్ళు చూసుకుంటారంటారు. కాస్త మనమూ చూద్దాం. ఇక్కడ ఉండేవాళ్ళు 50 లక్షలు, ఆపైన ధరకు ఇల్లు అమ్మితే కొనేవాడు 1 శాతం పన్ను పట్టుకుంటాడు. అమ్మేది ఎన్నారై అయితే 50 లక్షల లోపు అయినా ఆయన వాటా మీద లాభానికి వేసే పన్ను రేటుతోనే పట్టుకోవాలి, తక్కువ పట్టుకోమని ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప. 2024 జూలై 23 నుంచి అమ్మిన ఇళ్ళకు దీర్ఘకాల లాభం మీద ఆ రేటు 12.5 శాతం, పైన సర్‌చార్జీ, సెస్సు. ఆ లాభం లెక్క కట్టేటప్పుడు రంగులు, పుట్టీ లాంటి మామూలు మరమ్మతులు సాధారణంగా ఖర్చు కింద రావు. కొత్తగా కట్టిన గది, బాత్రూం లాంటివి బిల్లులుంటే వస్తాయి. ఈ ఏడాది కట్టినా వస్తాయి, ఆరేళ్ళ కిందట కట్టినా వస్తాయి!

అంటే శుద్ధ వ్యాపారం లెక్కలో చూసినా ఆ బాత్రూం ఆరేళ్ళ ముందు కట్టించి ఉంటే పోయేదేమీ లేదు. మధ్యలో అత్తమ్మ ఆరు కార్తీకాలు లోపల ఉండేది.

అమ్మిన డబ్బు అక్కడికి తీసుకెళ్ళడానికి దారి ఉంది. ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. అమ్మను తీసుకెళ్ళడానికి మాత్రం విజిటర్ వీసా, ఒక్కోసారికి మామూలుగా ఆరు నెలలు. తర్వాత ఆమె ఎక్కడికి తిరిగి రావాలి? ఈ ప్రశ్న అడిగితే "మీరున్నారుగా" అంటారు. ఉన్నాం, చూసుకుంటాం. కానీ మా ఇంట్లో ఆమె కోడలి దగ్గర ఉంటుంది, ఆ ఇంట్లో తన దగ్గర తను ఉంటుంది. ఆ తేడా ఆడవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు.

అవతలి వాళ్ళ వాదన కూడా నాకు తెలుసు. పిల్లలు తిరిగి రారు, ఇల్లు మూసిపెడితే చెదలు పడుతుంది, నమ్మి తాళాలు ఇస్తే ఆక్రమణలు. నిజమే. జపాన్‌లో 2023 లెక్కల్లో సుమారు 90 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయట. ఊళ్ళన్నీ అలా బూజు పట్టాలని నేను కోరుకోను. ఎవరో ఒకరు కొనుక్కుని దీపం పెట్టుకుంటే మంచిదే. ఖాళీ ఇల్లు అమ్మండి. కానీ మనిషి ఉన్న ఇంటిని ఖాళీ ఇల్లని లెక్కేసి అమ్మకండి.

నేను డిగ్రీలో తెలుగు చదువుకున్నాను. ఇల్లు, ఆలు కలిస్తే ఇల్లాలు అయింది. సంధిలో పోయేది ఇల్లు చివర ఉన్న ఉకారం మాత్రమే. మన అమ్మకాల్లో ఆలు మొత్తం పోతోంది.

అందుకని నేను అడిగేది మూడే. ఒకటి, బ్రోకర్‌తో మాట్లాడే ముందు అందులో ఉన్న మనిషితో మాట్లాడండి, వాటా ఉన్న ఆడపిల్లతో మాట్లాడండి. రెండు, రిపేరు చేయిస్తే ఉన్న మనిషి అడిగింది ముందు చేయించండి, కొనేవాడు అడిగింది తర్వాత. మూడు, అమ్మ తన వాటా వదులుకుంటుంటే ఆమె ఎక్కడ ఉంటుందో, ఎవరు చూస్తారో కాగితం మీద రాయండి. పిల్లలకు గిఫ్ట్ డీడ్ రాసేటప్పుడు తనను చూసుకోవాలన్న షరతు అందులో ఉంటే, వాళ్ళు తప్పినప్పుడు 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద ట్రిబ్యునల్ ఆ పత్రాన్ని రద్దు చేయగలదు. నోటి మాటను నమ్ముకుంటే ఆ రక్షణ దొరకడం కష్టం.

ఈ మూడూ నేను మా ఇంట్లోనే చెప్పాను. అత్తమ్మ విని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున కొత్త బాత్రూంలో స్నానం చేసి వచ్చి, "నా సంగతి రాస్తేనే సంతకం, చెప్పు వాడికి" అంది. అమ్మకం ప్రస్తుతానికి ఆగింది. చిన్నకోడలు చెడగొట్టిందని బంధువుల్లో మాట తిరుగుతోంది. తిరగనివ్వండి.

మీ అమ్మగారో అత్తగారో ఊళ్ళో ఒక్కరే ఉంటే, ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు తిన్నావా, మందులు వేసుకున్నావా అని అడిగాక ఇంకొక్కటి అడగండి. "ఇంట్లో నీకేం కావాలి?" చెప్పింది విన్నాక "చూద్దాంలే" అనకండి. ఎన్నాళ్ళలో అవుతుందో చెప్పండి. మూడు వారాలు చాలు.