అన్నీ శబ్దాలేనా?

ఈ మధ్య అనువాద కథల్లో తలుపు శబ్దం చేస్తుంది, గిన్నెలు శబ్దం చేస్తాయి, ఆటో కూడా శబ్దమే చేస్తుంది. ఇంగ్లీషులో ఒకచోట ‘క్లాటర్’, ఇంకోచోట ‘రాటిల్’ ఉంటుంది. గట్టి వస్తువులు ఒకదానికొకటి తగిలితే మొదటిది, వదులైనది అదేపనిగా ఊగితే రెండోది. తెలుగులో మాటల్లేకనా? గిన్నెలు ఖణఖణమంటాయి, ఆటో రేకు లొడలొడలాడుతుంది. పక్కగదిలో ‘అలికిడి’ అంటే అక్కడో మనిషున్నట్టు. ‘శబ్దం’ అన్నామా, ఆ మనిషి మాయం! (మావైపు ‘ఏటా సప్పుడు?’ అని అడుగుతారు. శబ్దం ఊసే ఉండదు.)

సొంత కథల్లోనూ ఇదే జబ్బు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. గాలిది హోరు, ఆగదు. చెట్టు విరిగితే ఫెళ్లుమంటుంది, ఒక్కసారే. ఆ ఒక్కసారితో ఏళ్ల తరబడి పెంచిన చెట్టు పోతుంది. లోపల తలుపేసుకుని కూచున్న రైతు నష్టాన్ని లెక్కపెట్టుకునేది చెవులతోనే. రెంటినీ ‘శబ్దం’లో కలిపేస్తే ఆ లెక్క పాఠకుడికి అందదు.

నేను ‘ఫెళ్లుమంది’ అని రాస్తే, పిల్లల కథలా ఉందంటూ ఒక ఎడిటరు గారు ‘పెద్ద శబ్దం వచ్చింది’ అని దిద్దారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, జనం మాట్లాడే తెలుగు కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజునే కదా మనం భాషా దినోత్సవం చేసుకునేది. ఆగస్టు 29న ఎడిటరు గారూ ఆ ఫొటో షేర్ చేస్తారు.