ఏడాది తిరక్కుండా అదే కుర్చీ

2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో పదిమంది ముష్కరులు మొదలుపెట్టిన మారణకాండకు 166 మంది బలయ్యారు. అంతటి ఘోరం మీద మహారాష్ట్ర హోంమంత్రి ఆర్.ఆర్. పాటిల్ విలేకరుల ముందు అన్నదేమిటి? పెద్ద నగరాల్లో ఇలాంటి చిన్న ఘటనలు మామూలేనని! జనం భగ్గుమన్నారు. డిసెంబరు 1న ఆయన రాజీనామా చేశారు. 2009 నవంబరులో, మృతుల తొలి వర్ధంతి కూడా రాకముందే, మళ్లీ అదే హోంశాఖ చేపట్టారు.

నోరు జారినంత మాత్రాన శాశ్వతంగా వెలివేయాలా అన్నది ఆయన తరఫు వాదన. నోరు జారడం ఒక్కటే అయితే వదిలేయవచ్చు. దాడి నాటికి ఆ శాఖ నాలుగేళ్లకు పైగా ఆయన చేతిలోనే ఉంది. ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ఏకే-47లకు ఎదురుపడ్డ పోలీసుల దగ్గర ఉన్నవి పాతకాలపు త్రీ నాట్ త్రీ రైఫిళ్లు, కొందరికైతే లాఠీలే. గిర్గావ్ చౌపాటీ దగ్గర పోలీసు తుకారాం ఓంబ్లే వట్టి చేతులతో ఆ ముష్కరుల్లో ఒకడైన కసబ్ తుపాకీ గొట్టాన్ని ఒడిసిపట్టి, తూటాలు ఒంట్లోకి దిగుతున్నా వదల్లేదు. ఆయనకు అంతకు మించిన ఆయుధం ఎందుకు లేదో చెప్పాల్సింది హోంమంత్రి కాదా?

ఈ దాడిపై విచారణ జరిపిన రామ్ ప్రధాన్ కమిటీ పోలీసు కమిషనర్‌ను తప్పుపట్టింది. ఆ నివేదిక 2009 డిసెంబరులో సభ ముందుకొచ్చేసరికి హోంమంత్రి పాటిలే!

తాజ్ హోటల్ శిథిలాలు చూడటానికి కొడుకుతోపాటు మన రాంగోపాల్ వర్మనూ వెంటబెట్టుకెళ్లి అభాసుపాలైన ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ కూడా పదవి పోయిన ఆరు నెలలకే కేంద్రమంత్రి అయ్యారు. అది భారీ పరిశ్రమల శాఖ కాబట్టి సరిపెట్టుకుందాం.

లాల్ బహదూర్ శాస్త్రి తిరిగి రాలేదా అంటారు. 1956లో మహబూబ్‌నగర్ రైలు ప్రమాదం తర్వాత రైల్వే మంత్రిగా ఆయన రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. అరియలూరు ప్రమాదంతో తప్పుకున్నారు. మరుసటేడు మంత్రివర్గంలోకి వచ్చిన మాట నిజమే. రైల్వేకి మాత్రం కాదు.

పాటిల్ అవినీతి మరక అంటని మనిషి. గ్రామీణాభివృద్ధి మంత్రిగా సంత్ గాడ్గేబాబా పారిశుద్ధ్య ఉద్యమంతో ఊరూరా పేరు తెచ్చుకున్నారు. ఆ శాఖే తిరిగి ఇస్తే ఎవరూ నోరెత్తేవారు కాదు. పోలీసు శాఖ ఇవ్వకూడదు. ఇచ్చారు. 2014 దాకా ఆయన దగ్గరే ఉంచారు.