గోడమీది మిలిటరీ తాతయ్య ఎవరు?

మన జిల్లాల్లో ఎన్నో ఇళ్ళలో, దేవుడి పటాల పక్కనో ట్రంకు పెట్టె అడుగునో, ఖాకీ దుస్తుల్లో నిలబడ్డ యువకుడి ఫోటో ఒకటి ఉంటుంది. ఎవరండీ అంటే "మిలిటరీ తాతయ్య" అంటారు. పేరు అడిగితే మాత్రం ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో పనిచేసినవారు దాదాపు 25 లక్షలు. పశ్చిమ గోదావరిలోని మాధవరం రెండు యుద్ధాలకూ బిడ్డల్ని పంపి 'మిలిటరీ మాధవరం' అనిపించుకుంది. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక, అక్కడి మనవాళ్ళెందరో కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు.

ముఖపోలిక చూసి చుట్టరికం కలిపెయ్యడం తేలిక. అది చరిత్ర కాదు. టోపీ బిళ్ళ రెజిమెంటు చెబుతుంది. అట్టమీది స్టూడియో ముద్ర ఊరు చెబుతుంది. పెన్షను కాగితం నంబరు చెబుతుంది. మరణించినవారి పేర్లు కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాల్లో, కొందరికి తండ్రి పేరూ ఊరూతో సహా, దొరుకుతాయి. రంగూన్ స్మారకం మీదే సుమారు 27 వేల పేర్లున్నాయి. బతికి వచ్చినవాళ్ళు ఆ జాబితాల్లో ఉండరు. బిడ్డను చంకనేసుకుని నడిచొచ్చిన తల్లి కథ ఏ టోపీ బిళ్ళా చెప్పదు. అది అమ్మమ్మల నోటనే ఉంది.

కనుక మిత్రులారా, సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ఆ ఫోటో కిందికి దింపండి. ఎవరు, ఎవరి కొడుకు, ఎవరికి మేనమామ అని అడిగి, వెనకాల పెన్సిలుతో రాయండి. చెప్పగలిగిన పెద్దలు తొంభై దాటుతున్నారు. పరీక్షల కోసం రాజుల వంశావళులు బట్టీపట్టే మనం సొంత తాత పేరు తెలీదనడం చదువుకి శోభ కాదు.