వేన్నీళ్లకు చన్నీళ్లు

జూన్ మాసమున బడులు తెరచినంతనే ఉపాధ్యాయుని ఇంట ఖర్చులును తలుపు తట్టును. పిల్లల రుసుములు, పుస్తకములు, ఇంటి అద్దె, వృద్ధులైన తల్లిదండ్రుల మందులు అన్నియు ఒక్క నెలలోనే వచ్చి కూర్చుండును. మొదటి తారీఖున చేతికందిన జీతము పదునైదవ తారీఖును చూడకుండనే చెల్లిపోవును. అప్పుడు “వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు” అను పెద్దల మాట స్ఫురణకు వచ్చును. ఇచ్ఛాపురము మొదలు విజయనగరము వరకు ఉపాధ్యాయుల విశ్రాంతి గదులలో తరచుగా వినవచ్చు ప్రశ్న ఇది: జీతము గాక మరి నాలుగు రాళ్లు వచ్చు మార్గమేది? కళాశాల వసతి గృహములలో విద్యార్థులును ఇదే ప్రశ్న వేసికొనుచున్నారు.

ఈ ప్రశ్న అడుగుట తప్పు కాదు. సంసారము గలవాడు సంపాదనను గూర్చి ఆలోచింపకుండుట వైరాగ్యము కాదు, బాధ్యతారాహిత్యము. అయితే “ఎంత వచ్చును?” అని అడుగువారు పెక్కుమంది, “దీనికై నేను అమ్ముచున్నదేమి?” అని అడుగువారు కొద్దిమంది. ఈ విషయమున వివేకమంతయు ఆ రెండవ ప్రశ్నలోనే ఉన్నది.

ముందుగా ఒక్క మాట. ఉపాధ్యాయులందరిని ఒకే గాట కట్టరాదు. ప్రభుత్వ పాఠశాలలో స్థిరమైన కొలువు గలవాని అవసరము వేరు. ప్రైవేటు పాఠశాలలో వేసవి సెలవుల జీతమైనను వచ్చునో రాదో తెలియనివాని అవసరము వేరు. 2020లో కరోనా కారణముగా బడులు మూతపడినపుడు ప్రైవేటు ఉపాధ్యాయులు పలువురు కూరగాయలు అమ్మిరి, కూలికి పోయిరి. అందు అవమానమేమియు లేదు. అవమానమన్నది ఉన్నచో, అది చదువు చెప్పినవానిని ఆ స్థితిలో వదిలివేసిన వ్యవస్థది. వీరిలో మొదటివాడు సౌకర్యము కొరకు రెండవ పనిని వెదకుచున్నాడు. రెండవవాడు అన్నము కొరకు వెదకుచున్నాడు. ఇరువురికి ఒకే నీతిని బోధించుట న్యాయము కాదు.

ఉపాధ్యాయునికి మొట్టమొదట తోచు ఉపాయము ట్యూషను. ఇది మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1897లో ప్రథమ ముద్రణము పొందిన కన్యాశుల్కమున గురజాడ వారు చూపిన గిరీశము చేసిన పనియు ఇదియే గదా! పరీక్ష తప్పిన వెంకటేశమునకు సెలవులలో చదువు చెప్పు నెపమున అతడు కృష్ణరాయపురాగ్రహారము చేరెను. ఆ ఇంట అతనికి వేళకు భోజనము దొరకెను; శిష్యునికి మాత్రము చుట్ట త్రాగుట తప్ప అబ్బిన విద్య స్వల్పము. ఆ నాటకమును మనము నవ్వుచు చదువుదుము. కాని ఆ నవ్వు వెనుక ఒక తండ్రి మోసపోయిన సంగతి కలదు. చదువు విలువను కొలువజాలని తండ్రికి చదువు పేరిట ఏ వస్తువునైనను అమ్మవచ్చునని గిరీశము కనిపెట్టెను. నేటి ట్యూషను వ్యాపారమునకు మూలసూత్రము నూటపాతికేండ్ల క్రిందటనే విజయనగరమున వ్రాయబడినది.

2009 నాటి విద్యాహక్కు చట్టము తన 28వ సెక్షనులో ఏ ఉపాధ్యాయుడును ప్రైవేటు ట్యూషను చెప్పరాదని శాసించినది. ఆ నిషేధమునకు కారణము చులకనయైనది కాదు. తరగతిలో చెప్పవలసిన పాఠమునే సాయంకాలము ఇంటి వద్ద అమ్మజూపినపుడు, తరగతిలోని పాఠము తనంతట తానే సన్నగిల్లును. ఉపాధ్యాయుడు దుర్బుద్ధితో దాచనక్కరలేదు. అలసిన గొంతు, చూచి చూడని లెక్క, “మిగిలినది సాయంత్రము చూచుకొందము” అను ఒక్క వాక్యము చాలును. డబ్బు ఇవ్వగల పిల్లవాడు సాయంత్రము వచ్చును. జాలరిపేటనుండి వచ్చిన పిల్లయు, కూలివాని కొడుకును సగము పాఠముతో ఇంటికి పోవుదురు. పైగా ట్యూషనుకు వచ్చువాని మార్కులు ఎవరి చేతిలో ఉన్నవో తల్లిదండ్రులకు తెలియును. కావున వారు ఇచ్చునది రుసుమో భయమో చెప్పుట కష్టము. తన తరగతి పిల్లవానికి తానే ట్యూషను చెప్పువాడు ఒక వస్తువును రెండుమార్లు అమ్ముచున్నాడు.

అయినను ప్రైవేటు ఉపాధ్యాయుడు ఒక మాట అడుగును: “చట్టము నా చేతులు కట్టినది, సరే, నా కడుపు నింపినదా?” ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది అతడు కాదు, అతనిని నియమించిన యాజమాన్యము, దానికి గుర్తింపు నిచ్చిన ప్రభుత్వము. బతుకదగిన జీతము పన్నెండు నెలలును ఇచ్చిన పిమ్మట గాని ట్యూషను నిషేధమును గూర్చి గట్టిగా మాటాడు అధికారము వారికి రాదు.

ట్యూషను తరువాత ఎక్కువమంది చూచునవి కమీషను వ్యాపారములు: భీమా ఏజెన్సీ, చీటీలు, స్థలముల మధ్యవర్తిత్వము, గొలుసుకట్టు అమ్మకములు. ప్రభుత్వోద్యోగి అనుమతి లేక వ్యాపారముగాని, అన్యోద్యోగముగాని చేయరాదని 1964 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రవర్తన నియమములు చెప్పుచున్నవి. అందుచేత ఏజెన్సీ భార్య పేర ఉండును, తిరుగుట భర్త తిరుగును. భీమా స్వయముగా చెడ్డది కాదు; అనేక కుటుంబములను నిలిపినది. కాని భీమా ఏజెంటుకు మొదటి సంవత్సరపు ప్రీమియముపై వచ్చు కమీషను తరువాతి సంవత్సరములకంటె హెచ్చు. ఇందువలన పాత పాలసీ నిలుచుటకంటె క్రొత్త పాలసీ అమ్ముటయందే ఆసక్తి కలుగును. మూడవ ఏట ప్రీమియము కట్టలేక పాలసీ జారవిడిచిన రైతు నష్టపోవును. కమీషను మాత్రము తిరిగిరాదు.

చీటీల సంగతియు అట్టిదే. 1982 నాటి చిట్‌ఫండు చట్టము ప్రకారము నమోదు చేయని చీటీ నడపుట నేరము. మాస్టారు నడపుచున్నారను నమ్మకముపై పాలు అమ్ము స్త్రీలు, ఆటో నడపువారు నెలనెల డబ్బు కట్టుదురు. పాట పాడినవాడు ఊరు విడిచిపోయిన నాడు ఆ మాస్టారు తరగతిలో ఏ ముఖముతో నిలువగలడు? అగ్రిగోల్డ్ సంస్థ డిపాజిట్లను తిరిగి చెల్లించజాలకపోయినపుడు రాష్ట్రమంతట ఏమి జరిగెనో పాఠకులకు తెలియును. డబ్బు వసూలు చేసినవారిలో పెక్కుమంది మోసగాండ్రు కారు. ఇరుగుపొరుగువారి వద్ద మంచిపేరు గల ఏజెంట్లు. సంస్థ మూతపడినపుడు జనము అడిగినది ఎరుగని యజమానిని కాదు, ఎరిగిన ఏజెంటును.

మన జిల్లాలలో పిల్లవానిని బడిలో వేయునపుడు “మా గుంటడిని మీ చేతిలో పెడుతున్నాం మాస్టారూ” అని చెప్పు తల్లిదండ్రులు నేటికిని కలరు. ఆ మాటలోని నమ్మకము ఉపాధ్యాయుని సొంత ఆస్తి కాదు. అతనికి ముందు ఆ ఊరిలో పనిచేసిన పదిమంది ఉపాధ్యాయులు కూడబెట్టి అప్పగించిన మూలధనము అది. కమీషను వ్యాపారమున ఖర్చగునది ఆ మూలధనమే. భోగాపురమున విమానాశ్రయము తలపెట్టబడిన నాటినుండి చుట్టుప్రక్కల స్థలముల బేరములు పెరిగినవి. ఆ బేరములలో “మాస్టారు చూపించిన స్థలము” అను మాటకు ఎంత ధర కలదో దళారులు ఎరుగుదురు. ఉపాధ్యాయులును ఎరుగవలెను.

ఇక వ్యవసాయము. సొంత పొలము గల ఉపాధ్యాయునికి ఇది మర్యాదయైన రెండవ సంపాదన. ఇందు ఎవరి నమ్మకమును తాకట్టు పెట్టనక్కరలేదు. ఉద్దానమున జీడిమామిడి, కొబ్బరి తోటలు గల ఉపాధ్యాయ కుటుంబములు కలవు. కాని తోట జీతము వంటిది కాదు. 2018 అక్టోబరు 11వ తేదీన పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఆ తోటలను నేలమట్టము చేసినది. కొబ్బరి మొక్క మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. కావున అప్పుచేసి తోట కొనువాడు తుపానును కూడ లెక్కలో వేసికొనవలెను.

మిగిలినవి విద్యకు సంబంధించిన పనులు: పరీక్షా పత్రముల మూల్యాంకనము, ఆకాశవాణి ప్రసంగములు, అనువాదములు, పాఠ్యగ్రంథ రచన, పత్రికా రచన. ఇందు వచ్చు పారితోషికము స్వల్పము. 1963లో విశాఖపట్టణ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన నాటినుండి మన ప్రాంతపు ఉపాధ్యాయులెందరో అచ్చట ప్రసంగించిరి. ఆ డబ్బుతో ఎవరును మేడలు కట్టలేదు. కాని ఈ పనులకు ఒక గుణము కలదు. వీనికై చేసిన శ్రమ మరునాడు తరగతిలోనికి తిరిగివచ్చును. ఒక అనువాదము చేసినవాడు వ్యాకరణమును మరింత బాగుగా చెప్పును. ట్యూషను తరగతినుండి దొంగిలించును. ఈ పని తరగతికి అప్పు తీర్చును.

గిడుగు రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరినపుడు వారి జీతము ముప్పది రూపాయలు. బడి వేళ ముగిసిన పిమ్మట వారు చేసిన రెండవ పని సవర భాష నేర్చుట, సవర పిల్లలకు బడులు పెట్టుట. ఆ పనికై వారు సొంత డబ్బు వెచ్చించిరి. ఆ పుస్తకములకు మద్రాసు ప్రభుత్వము పారితోషికము ఇవ్వజూపగా, ఆ ధనముతో బడి పెట్టుడని వారు కోరినట్లు వారి చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. సవర భాషా వ్యాకరణము 1931లో వెలువడినది. మన కాలమున కాళీపట్నము రామారావు మాస్టారు విశాఖపట్టణమున లెక్కలు బోధించుచు, తీరిక వేళల కథలు వ్రాసిరి. పురస్కారముల వలన వచ్చిన ధనమును వెచ్చించి 1997లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించిరి. అందరును వారివలె ఉండవలెనని మేము చెప్పుట లేదు. ఆకలిగొన్న ఇంటికి త్యాగమును ఉపదేశించుట క్రూరత్వము. వారి జీవితములు చూపునది వేరొకటి: ఉపాధ్యాయుని సాయంకాలమునకు సంతలో పలుకు ధర ఒకటి, అసలు విలువ మరియొకటి. ఆ సాయంకాలమును అమ్మునపుడు ఈ భేదము తెలిసి అమ్మవలెను.

ఇది లెక్కకును అందును. ఒక సాయంకాలపు పని నెలకు 4,000 రూపాయలు తెచ్చునని అనుకొందము. రోజుకు మూడు గంటల చొప్పున 25 దినములకు 75 గంటలు. పెట్రోలు, టీ ఖర్చులు 1,000 పోగా మిగులునది 3,000. అనగా గంటకు 40 రూపాయలు. 2025లో 16,347 ఉపాధ్యాయ పదవులకు మెగా డి.యస్సి. ప్రకటన వచ్చినపుడు, అట్టి గంటలు చదువునకు మిగిలినవానికిని, మిగులనివానికిని ఎంత అంతరమో వేరుగా చెప్పనక్కరలేదు. అవసరము తీరునంత మేరకే ఆ గంటలు అమ్ముట మేలు. ప్రైవేటు ఉపాధ్యాయునికి దుకాణముల జమాఖర్చులు వ్రాయుట, కంప్యూటరుపై తెలుగు అక్షర కూర్పు, వేసవి నెలలలో అర్జీల పని వంటివి తన శిష్యుల జేబులతో సంబంధము లేని మార్గములు. యాజమాన్యముతో ముందే మాటాడుకొని వానిని చేపట్టవచ్చును.

విద్యార్థులకు రెండు మాటలు. పెండ్లిండ్లలో వడ్డనకు పోవుట, తెల్లవారుజామున పత్రికలు పంచుట, ఇంటి ప్రక్క చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పుట, ఇవి యన్నియు గౌరవమైన పనులే. వడ్డన చేసి రుసుము కట్టినవాడు ఎవరికిని తీసిపోడు. కాని ఫోనులో వచ్చు “ఇంటివద్దనే సంపాదన” పిలుపులను నమ్మకుడు. మొదట వీడియో చూచినందుకు నూరో, రెండువందలో పంపుదురు. పిమ్మట పెద్దపని పేర మీచేతనే వేలు కట్టించి మాయమగుదురు. పని ఇచ్చువాడు కూలి ఇచ్చును గాని కూలివానివద్ద డబ్బు అడుగడు. అంతకంటె ప్రమాదకరమైనది బ్యాంకు ఖాతాను అద్దెకిచ్చుట. ఎవరిదో దోచిన సొమ్ము మీ ఖాతాలోనుండి పోయినపుడు పోలీసులు వచ్చునది మీ గుమ్మమునకే. మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేయుడు. మీ ఉపాధ్యాయునికి చెప్పుడు.

కావున రెండవ పని చేపట్టదలచినవాడు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. ఈ పనిని పట్టపగలు, నా పేరుతో, అందరి ఎదుట చేయగలనా? ఇది చెడినచో నష్టపోవునది నేనా, నన్ను నమ్మినవాడా? ఖర్చులు పోగా గంటకు మిగులునదెంత? ఈ పని చేసిన మరునాటి ఉదయము తరగతిలో నా గొంతు బలముగా ఉండునా, నీరసముగా ఉండునా? ఈ ప్రశ్నలకు నిలిచిన పని చిన్నదైనను చేయవచ్చును. నిలువనిది లక్షలు తెచ్చినను వలదు.

చన్నీళ్లు కలిపినందున వేన్నీళ్లు పది మందికి చాలును, నిజమే. అయితే ఆ చన్నీళ్లు ఊరివారు త్రాగు బావినుండి తోడినవైనచో, ఒక ఇంటి స్నానమునకై ఊరి దాహము బలియగును. ఉపాధ్యాయులు ఆ బావిని కాపాడవలెను. ఉపాధ్యాయుడు ఆ బావికడకు బిందెతో పోవలసిన అగత్యము లేనంత జీతమును సమాజము ఇవ్వవలెను. రెండవది జరుగకుండ మొదటిదానిని మాత్రమే కోరుట ధర్మము కాదు.