పాత ల్యాప్‌టాప్‌ను పారేసే ముందు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతదో కావాలి. 2015, 16లలో కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఇక్కడే ఆగిపోయాయి. షాపుకి తీసుకెళ్తే ‘పాతదైపోయిందండీ, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి’ అంటారు. తెర బాగుంటుంది, కీబోర్డు బాగుంటుంది, పిల్లల చదువుకీ ఇంటి లెక్కలకీ సరిపడా శక్తి ఉంటుంది. అలాంటిదాన్ని పాత సామానులో తూకానికి వేయడం నాకు మింగుడుపడదు.

విండోస్ బదులు లైనక్స్ వేసుకోమని చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఏ లైనక్స్ అని అడిగితే మాత్రం ఒక్కొక్కరూ తాము వాడేదాని పేరే చెబుతారు. వాళ్ల యంత్రం వేరు, మీ యంత్రం వేరు. మీ దగ్గరున్న వై-ఫై కార్డుకీ గ్రాఫిక్స్ చిప్‌కీ ఏది పొసగుతుందో ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైవ్ సీడీ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. పేరున్నదనో, చూడ్డానికి అందంగా ఉందనో ముందే ఒకటి అనుకుని హార్డ్‌డిస్క్ మీద ఎక్కించేయడం తప్పని నా గట్టి అభిప్రాయం.

లైవ్ సీడీని జనంలోకి తెచ్చిన ఘనత జర్మనీకి చెందిన క్లౌస్ క్నోపర్‌ది. 2000లో ఆయన మొదలుపెట్టిన క్నాపిక్స్ అనే లైనక్స్‌లో సుమారు 2 జీబీ సాఫ్ట్‌వేర్‌ను కుదించి 700 ఎంబీ సీడీలో పట్టించారు. సీడీ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, లోపలున్న భాగాలేమిటో అదే పసిగట్టి, హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా ర్యామ్‌లోనే నడిచేది. ఆ తర్వాత ఉబుంటు అనే ఇంకో లైనక్స్ వాళ్లు 2011 దాకా అడిగినవాళ్లకల్లా సీడీలను ఉచితంగా పోస్టులో పంపారు. ఇప్పుడు సీడీ చేసే పని పెన్‌డ్రైవ్ చేస్తోంది. రూఫస్, ఎచర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో లైనక్స్ ఐఎస్ఓ ఫైలును దానిమీదికి ఎక్కించుకోవచ్చు. నేనైతే వెంటాయ్ వాడమంటాను. ఒకే పెన్‌డ్రైవ్‌లో నాలుగైదు ఐఎస్ఓలు పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి నడిపి పోల్చుకోవచ్చు. ఏది వాడినా పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవి పోతాయి, వాటిని ముందే వేరేచోట దాచుకోండి.

ఆన్ చేయగానే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ లాంటి మీటల్లో ఏదో ఒకటి నొక్కితే బూట్ మెనూ వస్తుంది. అది కంపెనీని బట్టి మారుతుంది. ఉబుంటు, మింట్, డెబియన్ అనే లైనక్స్ రకాలు సెక్యూర్ బూట్ ఉన్నా లేస్తాయి. యాంటీఎక్స్ లాంటివాటికి దాన్ని ఆపాల్సి రావచ్చు. విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ చేతిలో పెట్టుకోకుండా సెక్యూర్ బూట్ జోలికి వెళ్లొద్దు.

డెస్క్‌టాప్ కనబడగానే చాలామంది వేగం చూస్తారు. పెన్‌డ్రైవ్ నుంచి నడిచేది ఎలాగూ నెమ్మదిగానే ఉంటుంది, దాన్నిబట్టి తీర్పు చెప్పకండి. ముందు వై-ఫై చూడండి. పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఏడిపించేది బ్రాడ్‌కామ్ కార్డు. కార్డుకి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఐఎస్ఓలో లేకపోతే నెట్‌వర్క్ పేర్లే కనబడవు. డెబియన్ 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ను కూడా అధికారిక ఐఎస్ఓలోనే కలిపి ఇస్తోంది, అందుకని పాత డెబియన్ ఐఎస్ఓతో పరీక్ష చేసి పెదవి విరవకూడదు. తర్వాత పాట పెట్టి స్పీకర్లూ ఇయర్‌ఫోన్లూ వినండి, కెమెరా తెరవండి, వెలుతురు తగ్గించే మీటలు నొక్కండి, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో పేజీ జరపండి. తెర నల్లగా ఉండిపోతే లైనక్స్ మొదలయ్యేటప్పుడు వచ్చే మెనూలో సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకుని మళ్లీ ప్రయత్నించండి, ఎన్‌విడియా చిప్ ఉన్నవాటిలో ఈ బెడద ఎక్కువ.

అందరూ వదిలేసే పరీక్ష ఒకటుంది. మూత మూసి, కాసేపాగి తెరవండి. నిద్రలోకి వెళ్లిన యంత్రం తిరిగి లేస్తే సరే, లేవకపోతే ఆ లైనక్స్‌తో రోజూ అవస్థే. ఒక వెర్షన్‌లో లేవనిది కొత్త కెర్నెల్ ఉన్న ఇంకో వెర్షన్‌లో హాయిగా లేవడమూ ఉంది.

మన ఇళ్లలో అంతే ముఖ్యమైన పరీక్ష తెలుగు. బ్రౌజర్‌లో ఏదైనా తెలుగు పత్రిక తెరిచి చూడండి. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’ లాంటి మాటల్లో ఒత్తులు తమ చోట ఉన్నాయో, అక్షరాల బదులు పెట్టెలు కనబడుతున్నాయో తెలుస్తుంది. పెద్ద డెస్క్‌టాప్‌లలో సాధారణంగా నోటో, లోహిత్ లాంటి ఫాంట్లు ఉంటాయి. మరీ తేలిక రకాల్లో విడిగా వేసుకోవాల్సి రావచ్చు. తెలుగు కీబోర్డు కూడా జోడించి నాలుగు వాక్యాలు టైపు చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు వాడే యంత్రమైతే వాళ్లనే కూర్చోబెట్టి టైపు చేయించండి.

ర్యామ్ 4 జీబీ ఉంటే మింట్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ రకంతో మొదలుపెట్టమంటాను. 2 జీబీ అయితే యాంటీఎక్స్, పప్పీ. 4 జీబీ ఉన్నవాళ్లు కూడా అన్నిటికన్నా తేలికైనది కావాలని పట్టుబడతారు, అది అనవసరం. డెస్క్‌టాప్ దగ్గర కాస్త ర్యామ్ మిగిల్చినా, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఆ మిగులు కాస్తా అయిపోతుంది. హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే వచ్చే వేగం ఏ లైనక్స్ మార్చినా రాదు. 32-బిట్ ప్రాసెసర్ ఉన్న పాత ఆటమ్ నెట్‌బుక్‌లకు మాత్రం దారులు ఇరుకైపోయాయి. ఉబుంటు 2017లోనే 32-బిట్ డెస్క్‌టాప్ ఐఎస్ఓలు మానేసింది, 2025లో వచ్చిన డెబియన్ 13 కూడా 32-బిట్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేసింది. వాటికి యాంటీఎక్స్ 32-బిట్ రకం వెతుక్కోండి.

విండోస్ లేవకుండా మొరాయించిన యంత్రాలకూ ఇదే పెన్‌డ్రైవ్ పనికొస్తుంది. లైవ్‌లో ఫైల్ మేనేజర్ తెరిస్తే హార్డ్‌డిస్క్ కనబడుతుంది. అది చెడిపోకుండా ఉండి, బిట్‌లాకర్ తాళం లేకపోతే ఫొటోలూ కాగితాలూ వేరే డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. ఇన్‌స్టాల్ మీట నొక్కాలని నిర్ణయించుకున్నాక కూడా ముందు ఈ పనే చేయండి. డిస్క్ మొత్తం చెరిపేసి ఎక్కించమంటారా అని ఇన్‌స్టాలర్ అడిగే సమయానికి మీ ఫొటోలు ఇంకోచోట భద్రంగా ఉండాలి.